ఊళ్లోకి బ్రాందీ షాపు వస్తోందంటే: పాఠకుల ఉత్తరాలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మద్యం షాపుల గురించే. రాసినవాళ్లు కోరినట్టే పేర్లు, ఊళ్ల పేర్లు తీసేశాను. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో నేను నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత వాలంటీరుని, తర్వాత టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థంగా ఉండలేను. షాపులు పెరగకూడదు, ఊరి మధ్యకు అసలు రాకూడదు అన్నదే నా మాట. అది తెలిసే చదవండి.

*

ప్రశ్న: మేడమ్, మాది ప్రకాశం జిల్లాలో స్టేట్ హైవే మీద ఉన్న పంచాయతీ. ఊరి బయట ఒక బ్రాందీ షాపు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు మండలంలో ఇంకో చోట ఉన్న షాపును మా హైస్కూలు వీధిలోకి మారుస్తున్నారని తెలిసింది. గది చూశారు, షట్టర్ కూడా బిగించారు. పక్కనే రామాలయం ఉంది. డ్వాక్రా సంఘాల వాళ్లం వెళ్లి అడిగితే సర్పంచ్ గారు "లైసెన్సు పైనుంచి వస్తుంది, మా చేతిలో ఏమీ లేదు" అన్నారు. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆయన మాటలో సగం నిజం ఉంది. ఏ మండలానికి ఎన్ని షాపులన్నది ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో 3,396 షాపులకు లాటరీ తీశారు. ఆ లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30 దాకా. ఆ లెక్కలో పంచాయతీ మాటకు చోటు లేదు. కానీ షాపు ఏ వీధిలో, ఏ గదిలో పెట్టాలన్నది లాటరీలో తేలదు. లైసెన్సు దక్కినవాళ్లే తమ పరిధిలో గది వెతుక్కుంటారు. ఎక్సైజ్ వాళ్లు వచ్చి చూసి, కొలతలు వేసి, సరేనంటేనే అక్కడ అమ్మకం మొదలవుతుంది. మీకు దారి ఉన్నది అక్కడే.

ఆ గది ఎవరిదో మీ ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. ముందు వాళ్లింటికి వెళ్లండి. జెండాలూ నినాదాలూ వద్దు. ఆ ఇంటావిడకు వదినో పిన్నో అయ్యే మనిషిని ముందు పెట్టుకుని పదిమంది వెళ్లి కూర్చోండి. మామూలు కొట్టు కంటే రెండింతలు అద్దె ఇస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, అందుకు వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. రేపు మీ మనవరాలు కూడా ఆ వీధిలోనే నడిచి బడికి వెళ్లాలి కదా అని నెమ్మదిగా అడగండి. అగ్రిమెంటు రాసుకోకముందే అయితే పని అక్కడితోనే అయిపోవచ్చు. అడ్వాన్సు చేతికొచ్చాక మనసు మార్చడం కష్టం. షట్టర్ బిగించారంటున్నారు కాబట్టి ఇక ఆలస్యం చేయకండి.

తర్వాతది కొలత. బడికి, గుడికి, మసీదుకు, చర్చికి, ఆసుపత్రికి వంద మీటర్ల లోపల షాపు ఉండకూడదు. ఆ వంద మీటర్లు ఎలా కొలుస్తారో చాలామందికి తెలియదు. గోడ నుంచి గోడకు తిన్నగా గీత గీయరు. మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారి వెంబడి, షాపు గుమ్మం మధ్య నుంచి బడికి దగ్గరగా ఉన్న గేటు మధ్య దాకా కొలుస్తారు. ప్రహరీ లేకపోతే తలుపు దాకా. అంటే ఏ గేటు నుంచి కొలిచారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఒక ఊళ్లో ఇలాంటి గొడవలోనే నేను వెళ్లి చూశాను. కాగితాల్లో బడి పెద్ద గేటు నుంచి కొలిచి, దూరం సరిపోయిందని రాసుకున్నారు. బడికి వెనకవైపు తుప్పుపట్టిన చిన్న ఇనప గేటు ఒకటుంది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, గ్యాస్ బండలు దాంట్లోంచే దించుతారు. ఆ సందులో ఉండే పిల్లలు కూడా అటునుంచే వస్తారు. ఆ సంగతి చెప్పింది హెడ్మాస్టరు కాదు, వంట చేసే ఆయమ్మ. తాపీమేస్త్రీ టేపు తెప్పించి అందరి ముందు కొలిస్తే వంద మీటర్లు రాలేదు. షాపు ఆ వీధికి రాలేదు. మీరూ అలాగే కొలవండి. కొలుస్తున్నప్పుడు సెల్‌ఫోనులో వీడియో తీయండి, టేపు మీద అంకె స్పష్టంగా కనిపించాలి.

రామాలయం సంగతి రాశారు. నిబంధన ప్రకారం గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి. ఊరివాళ్లు చందాలు వేసి కట్టుకున్న మందిరాలు చాలావరకు ఆ జాబితాలో ఉండవు. ఆసుపత్రి విషయంలోనూ అంతే, ప్రైవేటుదైతే ముప్ఫై పడకలు ఉండాలి. మీ గుడి నమోదై ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అర్జీలో దాన్ని ముందు రాయకండి. వాళ్లు ఆ ఒక్కటీ కొట్టేసి అర్జీ మొత్తాన్నీ పక్కన పడేస్తారు. బడి మీదే గట్టిగా నిలబడండి.

ఇంకొకటి, మీది స్టేట్ హైవే అన్నారు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. 2017 మార్చిలో, 20 వేలు అంతకంటే తక్కువ జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మునిసిపాలిటీల్లో తర్వాత సడలింపు వచ్చింది. పట్టణంలా పెరిగిన పంచాయతీల సంగతి 2018లో రాష్ట్రాలకే వదిలేసింది, మీ పంచాయతీకి ఆ సడలింపు ఉందో లేదో కనుక్కోండి. హైస్కూలు వీధి హైవే నుంచి ఎంత దూరమో అదీ కొలవండి. ఊరి బయట ఉన్న పాత షాపు దూరం కూడా ఆ చేత్తోనే చూసేయండి.

ఇవన్నీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ఒక కాపీ జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారికి. రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఇంకో దరఖాస్తు పెట్టండి. "ఫలానా షాపు స్థల పరిశీలన నివేదిక, దూరం కొలిచిన స్కెచ్ నకలు ఇవ్వండి" అని రాస్తే చాలు, ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. వాళ్లు ఏ గేటు నుంచి కొలిచారో అందులో దొరుకుతుంది.

గ్రామసభ తీర్మానం సంగతి కూడా చెప్పాలి. మైదాన ప్రాంతంలో గ్రామసభ వద్దంటే షాపు ఆగి తీరాలన్న చట్టం మనకు లేదు. మహారాష్ట్రలో ఉంది. అక్కడ ఊళ్లో ఆడ ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలు చేసి అడిగితే రహస్య ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద నిలబెట్టిన సీసా బొమ్మ ఒకటి, పడుకోబెట్టిన సీసా బొమ్మ ఒకటి ఉంటాయి. జాబితాలో ఉన్న ఆడ ఓటర్లలో సగం కంటే ఎక్కువ మంది పడుకున్న సీసాకు వేస్తే షాపు మూసేయాలి. ఆ హక్కు మనకూ కావాలని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పటిదాకా మీ గ్రామసభ తీర్మానం ఒక సాక్ష్యం. దాన్ని మినిట్స్ బుక్కులో రాయించి, నకలు అర్జీకి జత చేయండి. సర్పంచ్ గారి చేతిలో ఉన్నది అదే. ఆ పనైనా చేయమనండి.

చివరిగా, పైన చెప్పిన లైసెన్సుల గడువు గుర్తుంచుకోండి. ఆ గడువు దాటాక కొత్త విధానం రావాలి. మండలానికి ఎన్ని షాపులన్నది నోటిఫికేషన్ వచ్చేలోపే తేలిపోతుంది. మా మండలానికి తగ్గించండి అని అడగాల్సింది అప్పుడే. 1992లో మా జిల్లా ఆడవాళ్లు సారా కొట్ల ముందు కూర్చోవడంతో సరిపెట్టలేదు. దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటివాళ్లు మొదలుపెట్టిన పని ఊరూరా పాకాక, కొట్లు ఎవరికివ్వాలో తేల్చే సారా వేలం పాటల దగ్గరికే వందలమంది వెళ్లారు. పాట వాయిదా మీద వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాట జరిగిపోయాక కాంట్రాక్టరు డబ్బు కట్టేసి ఉంటాడు, పోలీసులు అతని వైపు నిలబడతారు. ఆ సంగతి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు, వాళ్లకే తెలుసు.

*

ప్రశ్న: అక్కా, మాది నిజామాబాద్ జిల్లా. మా ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీ వాళ్లు ఏటా బెల్టు షాపు వేలం వేస్తరు. ఎక్కువ పాడినోళ్లకే ఊళ్లో అమ్ముకునే హక్కు. ఆ పైసలు గుడికి, బొడ్రాయి పండుగకు పెడుతున్నమని చెప్తరు. ఈసారి ఒకటి కాదు, రెండు షాపులకు వేలం అంటున్నరు. మహిళా సంఘం నుంచి వద్దన్నందుకు మా ఇంటికి జరిమానా వేస్తమని, ఎవ్వరూ మాట్లాడొద్దని చెప్తమని బెదిరిస్తున్నరు. ఊరంతా ఒప్పుకున్నదాన్ని మేం కాదనొచ్చా?

జవాబు: నిస్సందేహంగా కాదనొచ్చు చెల్లెమ్మా. లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరమే. నేరానికి వేలం వేసే అధికారం ఎవరికీ లేదు. చట్టం దృష్టిలో మీ ఊరిని పాలించేది గ్రామ పంచాయతీ. గ్రామాభివృద్ధి కమిటీకి జరిమానా వేసే హక్కు గానీ, ఒక కుటుంబాన్ని వెలివేసే హక్కు గానీ లేవు. గుడికి డబ్బు వస్తోందన్న మాటకు తలవంచకండి. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో మీకు తెలుసు. వైన్స్‌లో కొన్న క్వార్టర్ మీద ఇరవయ్యో ముప్ఫయ్యో వేసి బెల్టు షాపులో అమ్ముతారు. వేలంలో పాడిన డబ్బు అలాగే రాబట్టుకోవాలి. కూలికి పోయినవాడి దగ్గర్నుంచి ఆ ఇరవై రూపాయలు తీసి దేవుడి పేరు చెప్తున్నారు. రెండు షాపులైతే రెండు పాటల డబ్బు రాబట్టాలి, అంటే అప్పుపెట్టి మరీ తాగిస్తారు. బెల్టు షాపులో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఆ అప్పు ఖాతానే. లైసెన్సు షాపులో డబ్బు లేకపోతే మనిషి వెనక్కి తిరిగి వస్తాడు. ఇంటి పక్క కిరాణాకొట్టులో తెల్లారి ఆరింటికైనా, రాత్రి పన్నెండింటికైనా పేరు రాసుకుని ఇస్తారు. వడ్ల డబ్బులు వచ్చిన రోజు ఆ కొట్టతను కల్లం దగ్గరే నిలబడతాడు.

ఇక చేయాల్సింది. బెల్టు షాపులను "తగ్గించండి" అని ఎప్పుడూ రాయకండి. ఒకటైనా ఉండనివ్వండి అన్నట్టవుతుంది. "మూసేయించండి" అనే రాయండి. అమ్మే చోటు, అమ్మే వేళ రాయండి. అక్కడ పడేసిన సీసాలు ఏరి, మూత మీద అతికించే హోలోగ్రామ్ లేబుల్ ఫోటోలు తీయండి. సరుకు ఏ డిపో నుంచి ఏ షాపుకు వెళ్లిందో తెలుసుకోవడానికే ఆ లేబుల్ పెట్టారు. బెల్టు షాపుకు సరఫరా చేసిన వైన్స్ ఏదో ఎక్సైజ్ వాళ్లు కనుక్కోగలరు. ఆ లేబుల్ నంబర్లు రాసి, పలానా షాపు సరుకేనా చెప్పండి అని అడిగితే "మా దృష్టికి రాలేదు" అన్న జవాబుకు చోటుండదు. సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి.

వెలివేస్తామన్న మాట మటుకు తేలిగ్గా తీసుకోకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో రాసి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తీసుకోకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, అది 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. సంఘంలో పదిమంది సంతకాలు ఉంటే మీ ఒక్క ఇంటి మీద పడటానికి వెనకాడతారు.

*

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. మీ పోరాటాల మీద గౌరవం ఉంది. కానీ ఎన్టీఆర్ గారి సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్లు దాటగానే ఎత్తేశారు. షాపు మూస్తే నాటుసారా వస్తుంది, పక్క రాష్ట్రం సరుకు వస్తుంది, ఖజానాకు ఆదాయం పోతుంది. తాగేవాడు ఎలాగూ తాగుతాడు. మరి షాపులను వ్యతిరేకించి సాధించేది ఏమిటి?

జవాబు: మంచి ప్రశ్న నాయనా, దాటవేయను. 1994 డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం రోజే ఎన్టీఆర్ నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అమలైంది. 1997లో చంద్రబాబు నాయుడి ప్రభుత్వం ఎత్తేసింది. దొంగ రవాణా జరిగింది, నాటుసారా కాశారు, నిజమే. అయితే ఈ కథ చెప్పేవాళ్లు ఒక ముక్క వదిలేస్తారు. అంతకుముందు 1993లో వచ్చిన సారా నిషేధాన్ని ఎవరూ ఎత్తేయలేదు. ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకూ పంపిన ఆ సారా మళ్లీ రాలేదు. ఆ ప్యాకెట్లు ఎంత దగ్గరికి వచ్చేవో నీకు తెలిసే వయసు కాదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సంచి. పొలం గట్టుకే తెచ్చి ఇచ్చేవాళ్లు. పంటితో కొరికి చింపి, మడిలో నిలబడే తాగేసి, ఖాళీ సంచిని బురదలో పడేసేవాళ్లు. కూలి డబ్బు ఇల్లు చేరేదే కాదు. రాత్రి బడిలో మా దగ్గర చదువుకున్న ఆడవాళ్లు కూడికలూ గుణింతాలూ నేర్చుకోగానే వేసిన లెక్కల్లో ఒకటి అదే. రోజుకు ఎన్ని ప్యాకెట్లు, నెలకు ఎంత. పలక మీద వచ్చిన మొత్తం చూసి మళ్లీ తుడిచి మొదట్నుంచి వేసుకునేవాళ్లు, తప్పు వచ్చిందేమోనని.

తాగేవాడు ఎలాగూ తాగుతాడన్న మాట పూర్తిగా అలవాటు పడ్డవాడి విషయంలో కొంతవరకు నిజం. కానీ ఊరంటే వాళ్లొక్కరే కాదు. నెలకోసారి తాగేవాడు ఉంటాడు, ఇంకా మొదలుపెట్టని ఇంటర్ కుర్రాడు ఉంటాడు. వాళ్లు ఎంత తాగుతారన్నది సీసా ఎంత దగ్గరలో, ఏ వేళకు, ఎంతకు దొరుకుతుందన్న దాని మీదే ఉంటుంది. ఆరు కిలోమీటర్లు బండి మీద వెళ్లాలంటే మానేసే రోజులు చాలా ఉంటాయి. నేను అడుగుతున్నది అదే: దగ్గరికి తేవద్దు, సంఖ్య పెంచవద్దు, బెల్టు షాపు ఉండనివ్వవద్దు. సంపూర్ణ నిషేధం గురించి వేరే వాదించుకుందాం. నాటుసారా వస్తుందనా? నల్లబెల్లం, పటిక ఎక్కడ అమ్ముతున్నారో, ఊట ఎక్కడ పెట్టారో ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు. వాళ్లు చెప్పినప్పుడు అధికారులు కదిలితే చాలు.

ఖజానా మాట అంటావా, రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వానికి చెప్తోంది. అమ్మకాల టార్గెట్లు పెట్టమని చెప్పలేదు. ఖజానాకు వచ్చేది మాత్రమే లెక్కలో చూపిస్తారు. లివర్ చెడి ప్రభుత్వ ఆసుపత్రిలో పడుకున్నవాడి ఖర్చు, బండి మీద నుంచి పడి పోయినవాడి పెళ్లాంపిల్లల బతుకు ఆ లెక్కలో ఎక్కడుంటాయో నువ్వే వెతికి చూడు.

*

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, ఏజెన్సీ గ్రామం. టూరిస్టులు వస్తున్నారని మా వైపు కొత్త మద్యం షాపు పెడతామంటున్నారు. మాకూ మైదానం వాళ్లలాగే అర్జీలు ఇవ్వడమేనా?

జవాబు: మీకు అంతకంటే బలమైన ఆయుధం ఉంది తమ్ముడూ. షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టింది. మన రాష్ట్రంలో దానికి 2011లో నియమాలు కూడా వచ్చాయి. గ్రామసభ పిలిచి, షాపు వద్దని తీర్మానం చేసి, హాజరైనవాళ్లందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకోండి. తీర్మానంలో పెసా చట్టం పేరు తప్పకుండా రాయించండి. నకళ్లు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి, కలెక్టరుకు, ఎక్సైజ్ వాళ్లకు పంపండి. సంతకాలు ముందే తెల్ల కాగితం మీద తీసుకుని, తర్వాత షాపుకు ఒప్పుకున్నట్టు రాసుకునే ప్రమాదం ఉంది. తీర్మానం పూర్తిగా చదివి వినిపించాకే, మీ భాషలో కూడా చెప్పాకే సంతకం పెట్టమనండి.

*

ప్రశ్న: అమ్మా, మా ఊళ్లో రెండో షాపు వచ్చాక మా ఆయన తాగుడు రోజూ అయింది. పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణుకుతున్నాయి. అయ్యప్ప మాల వేయిస్తే ఆ రోజు నుంచే మానేస్తాడని అత్తయ్య అంటోంది. కూరలో కలిపే పొడి ఒకటి దొరుకుతుందని పక్కింటావిడ చెప్పింది. ఏది మంచిది?

జవాబు: తల్లీ, ఈ రెండింటికీ ముందు డాక్టరు. పొద్దున చేతులు వణుకుతున్నాయంటే ఆయన శరీరం మందుకు అలవాటు పడిపోయింది. అలాంటి మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరగవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. దీక్ష మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో స్వామి పూనాడని ఇంట్లోవాళ్లు అనుకుంటూ ఉండగా, అది తాగుడు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిన గందరగోళం అయి ఉండొచ్చు. మాల వేయించాలని ఉంటే తప్పకుండా వేయించండి, ఆ పట్టుదల చాలామందికి పనికొస్తుంది. కానీ ముందు ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో మాన్పించి, వణుకు తగ్గాక వేయించండి. ప్రభుత్వ పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూస్తారు. వణుకు తగ్గడానికి మాత్రలు, బి1 విటమిన్ ఇస్తారు.

ఆ పొడి మాత్రం వద్దే వద్దు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మందు తాగితే వాంతులయ్యేలా చేసే మాత్రల్ని పొడి చేసి అమ్మేవాళ్లున్నారు. మనిషికి చెప్పకుండా అది పెట్టాక అతను తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. ఆ మాత్రను డాక్టరు కూడా రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తాడు.

ఆయన మామూలుగా ఉన్న ఒక పొద్దున చూసి మాట్లాడండి. తాగి ఉన్నప్పుడు వద్దు. వ్యసన విముక్తికి 14446 నంబరు ఉంది, ఫోను చేస్తే దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో చెప్తారు. మీ మనసు బాగోకపోయినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయి చేసుకుంటుంటే 181. ఈ మూడు నంబర్లూ వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. షాపు సంగతి మీ సంఘంలో పెట్టండి, పైన ప్రకాశం జిల్లా సోదరికి రాసిన జవాబు అందరికీ చదివి వినిపించండి. ఆసుపత్రికి వెళ్లి వచ్చాక ఏం చెప్పారో నాకు రాయండి.